ఇత్తడి రైలింజన్ నమూనాలకు రంగులద్దకం

ఇత్తడి రేకులు, పోత భాగాలను టంకంతో అతికి చేసిన నమూనా ఇంజన్లకు అసలు ఇంజన్ల రూపం కల్పించే హస్తకళ ఇది. 1950ల నుంచి జపాన్‌లోనూ, తరువాత దక్షిణ కొరియాలోనూ తయారైన ఈ నమూనాలు అమెరికాకు విరివిగా ఎగుమతయ్యాయి. చాలావరకు 1:87 నిష్పత్తి గల హెచ్‌ఓ స్కేలువి. పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. వీటిలో అనేకం రంగు లేకుండా, పారదర్శక లక్క పూతతో వచ్చేవి.

ముందుగా మోటారు, చక్రాలు విడదీసి పాత పూత, జిడ్డు, టంకానికి వాడిన ఫ్లక్సు మిగులు తొలగిస్తారు. నున్నని ఇత్తడికి రంగు గట్టిగా పట్టదు కనుక సన్నని రాపిడి పొడి చిమ్మి ఉపరితలాన్ని గరుకు చేస్తారు. రివెట్లు కప్పుకుపోకుండా ప్రైమర్‌ను, రంగును ఎయిర్‌బ్రష్‌తో పలుచగా వేస్తారు. విద్యుత్ గ్రహించే చక్రాల అంచులకు రంగు తగలనివ్వరు. అంకెలు, అక్షరాల డెకాల్స్‌ను (అతికించే పలుచని ముద్రణలను) మెరుపు పూతపై అతికించి, మెరుపులేని పూతతో కప్పుతారు. చివర మసి, తుప్పు, నీటి చారలు దిద్దుతారు. రంగుల ఎంపికకు ఆనాటి ఛాయాచిత్రాలు, రైల్వే పత్రాలు ఆధారం.