కాలాపానీ గానుగలో కొబ్బరి

కొబ్బరి కోనసీమకు అన్నం పెట్టే పంట. అదే కొబ్బరితో మనుషుల్ని నుగ్గుచేసిన చోటు కాలాపానీ అని పిలిచిన అండమాన్‌లోని సెల్యులర్ జైలు. ఎద్దుల్ని కట్టాల్సిన గానుగకు మనుషుల్ని కట్టి, రోజుకు 30 పౌండ్ల కొబ్బరినూనె తీయాలన్నారు. అంటే 13 కిలోలకు పైమాటే. కొబ్బరి వలిచి, ఎండబెట్టి, ఆడించడం ఎంత చాకిరో తెలిసిన కోనసీమ కొత్తపేట వాళ్లు జైల్లో ఉన్న ఆ గానుగ నమూనా ముందు నిలబడితే, ఆ లెక్కలోని క్రౌర్యం ఒకరు చెప్పకుండానే అర్థమవుతుంది.

1896లో మొదలుపెట్టి 1906కు ఈ జైలు కట్టారు. నడుమ బురుజు, దాని చుట్టూ బండిచక్రం ఆకుల్లా ఏడు వరుసలు. ఒక వరుస ముఖం పక్క వరుస వీపును చూస్తుంది. ఖైదీకి ఖైదీ కనబడకూడదు. ఇప్పుడు మూడు వరుసలే మిగిలాయి. 1979 ఫిబ్రవరి 11న ప్రధాని మొరార్జీ దేశాయ్ దీన్ని జాతీయ స్మారకంగా అంకితం చేశారు.

సావర్కర్ గది ముందు జనం బారులు తీరుతారు. మనవాళ్ల సంగతి అడిగేవాళ్లు తక్కువ. 1922–24 రంప తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవాళ్లలో కొందరిని ఇక్కడికే తెచ్చారు. 1933 కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి కూడా ఇక్కడి ఖైదీయే. 1937 జూలైలో రాజకీయ ఖైదీలు పెద్ద నిరాహారదీక్ష చేశాకే వాళ్లను ప్రధాన భూభాగానికి పంపడం మొదలైంది.

అండమాన్‌కు దారితీసే ఈ బంగాళాఖాతం మీద మనవాళ్లు సంకెళ్లతోనే పోలేదు. గోదావరి పాయ ఒడ్డున కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన, బాగుచేసిన పెద్ద రేవు. 1789, 1839 తుపానులు దాన్ని ముంచేశాయి. తరవాత కాకినాడ నుంచి వేలమంది రంగూన్ రేవులకు కూలికి వెళ్లారు. బర్మాలో వాళ్లను కోరంగీలనే పిలిచారు.

జైలునూ ఓడలనూ ఒకేచోట గుర్తుంచుకున్నవాళ్లూ ఉన్నారు. అర్జెంటీనా దక్షిణపు కొసన ఉషువాయాలో 1947లో మూసేసిన జైలునే ఓడల చరిత్ర మ్యూజియంగా మార్చుకున్నారు. ఖైదీల కొట్లలో ఇప్పుడు ఓడ నమూనాలున్నాయి. కోరంగికి, ఓడలు కట్టే తాళ్లరేవు వడ్రంగులకు అలాంటి ఒక్క గది కూడా లేకపోవడం అన్యాయం. ప్రభుత్వం కోరంగి దగ్గర ఓడల మ్యూజియం పెట్టాలి. అందులో రంగూన్ కూలీలకూ, అండమాన్ ఖైదీలకూ చోటివ్వాలి. రంగూన్ ఉత్తరాలు, ఓడ కాగితాలు ఇంకా ఇంట్లో ఉన్న కుటుంబాలు వాటిని చెదలపాలు కానివ్వకండి.