ఉతుకు ఎవరి వంతు? – డైపర్ పుట్టుపూర్వోత్తరాలు

ఏడో నెల దాటిందంటే ఇంట్లో రెండు రకాల ఏర్పాట్లు మొదలవుతాయి. అమ్మమ్మ ట్రంకుపెట్టె దించి, కట్టి కట్టి మెత్తబడ్డ పాత నూలు చీరలు ఏరుతుంది. అంచులు తీసేసి, ముక్కలుగా చించి, వేణ్ణీళ్ళలో ఉడకబెట్టి, ఎండలో ఆరేసి మడతలు పెడుతుంది. అల్లుడు ఫోన్లో న్యూ బార్న్ సైజు డైపర్ల కట్ట ఆర్డరు పెడతాడు. రెండేళ్ళ పెద్దపిల్లకి రాత్రిపూట ఇంకా డైపర్ తప్పడం లేదు కాబట్టి ఇకమీదట ఇంట్లోకి రెండు సైజులు కావాలి.

“గుడ్డలే కడదాం బాబూ, పసిబిడ్డ ఒళ్ళు ఒరుసుకుపోతుంది.”

“గంటకోసారి లేచి గుడ్డ మార్చేదెవరండీ అత్తయ్యగారూ?”

ఇద్దరి మాటా న్యాయమే. ఆ గుడ్డలు ఉతికేదెవరన్న మాట మాత్రం ఇద్దరూ ఎత్తరు. చిత్రమేమిటంటే డైపర్ చరిత్ర మొదటి నుంచీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

మన ఇళ్ళలో పుట్టిన బిడ్డకి వెంటనే కొత్తబట్ట వెయ్యరు. పెద్దవాళ్ళు కట్టి విడిచిన పాతబట్టలోనే పొత్తిళ్ళు. ఆచారమన్నారు గానీ, గంజి వాసన పోని కొత్త గుడ్డ కన్నా పాతది మెత్తన అన్న తెలివీ అందులో ఉంది. కింద పాత చీరల బొంత, దాని మీద పక్కగుడ్డ, తడిస్తే తీసి ఇంకోటి. మెడ నిలిచాక అమ్మమ్మో నాయనమ్మో కాళ్ళు చాపుకుని కూర్చుని, పిల్లను పాదాల మీద కూర్చోబెట్టుకుని “స్స్స్” అంటూ పోయించేది. నడక వచ్చిన పిల్లలకి మొలతాడే బట్ట. మట్టి పెరడూ, వెచ్చటి గాలీ ఉన్న ఊళ్ళో అది చాలింది. వానాకాలం వస్తే గుడ్డలు ఆరక, కుంపట్లో సాంబ్రాణి వేసి, పైన బుట్ట బోర్లించి, దాని మీద పరిచి ఆరబెట్టేవాళ్ళు.

ఇది వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ పురిటి గుడ్డలు ఉతికింది ఆ ఇంటి వాళ్ళు కారు. మైలబట్టలు మూటగట్టి చాకలామె ఇంటికి పంపేవారు. ఏడాదికోసారి కళ్ళంలో ఆమె ఇంటికి కొలిచే ధాన్యపు వాటా, అంటే మేరలోనే ఆ ఉతుకూ కలిసిపోయేది. పురుడు తీరాక నూతి దగ్గర ఆ పని తల్లిది. పాతకాలపు గుడ్డలకి ఖర్చే లేదని మనం అనుకోవడం ఆ ఇద్దరు ఆడవాళ్ళ చాకిరీని లెక్కలో వెయ్యకపోవడం వల్లే.

చలిదేశాల సంగతి వేరు. అక్కడ పిల్లల్ని బట్టల్లేకుండా వదలడం కుదరదు కాబట్టి నూలుగుడ్డను మడిచి, నడుము దగ్గర బిగించి కట్టేవారు. న్యూయార్క్‌లో వాల్టర్ హంట్ 1849లో పిన్నీసుకు పేటెంటు తీసుకున్నాడు. హక్కుల్ని 400 డాలర్లకే అమ్మేసుకున్నాడు పాపం. పిల్లల గుడ్డకి ఆ పిన్నీసు వందేళ్ళు కాపలా కాసింది. తడి బయటికి రాకుండా గుడ్డ మీద రబ్బరు లాగు తొడిగితే పక్క తడవడం తగ్గింది గానీ పిల్లల ఒళ్ళు ఒరుసుకుపోయేది. రెండో ప్రపంచయుద్ధంలో నూలు కరువై, 1942లో స్వీడన్‌లోని పౌలిస్ట్రోమ్ కాగితం మిల్లు చెక్కగుజ్జు పొరలతో వాడిపారేసే మెత్తలు చేసింది.

యుద్ధం ముగిశాక ఇద్దరు తల్లులు, ఒకరికొకరు తెలియకుండా, కుట్టుమిషన్ల ముందు కూర్చున్నారు. బ్రిటన్‌లో వాలరీ హంటర్ గోర్డన్‌కి 1947లో మూడో కాన్పు రాబోతోంది. ఇద్దరికి ఉతికిన చెయ్యి మూడోసారి ఉతకనంది. ఆమె పాత పారాచ్యూట్ గుడ్డతో పై లాగు కుట్టి, లోపల కాగితపు గుజ్జూ దూదీ కలిపిన మెత్త పెట్టింది. మెత్త పారెయ్యాలి, లాగు తుడుచుకోవాలి. చుట్టుపక్కల సైనికుల భార్యలు చూసి తమకూ కావాలన్నారు. దానికి ‘పాడీ’ అని పేరు పెట్టి పేటెంటు తీసుకుంది. చెస్టర్‌ఫీల్డ్‌లోని రాబిన్సన్స్ కంపెనీ తయారీకి ఒప్పుకుంది.

అమెరికాలో మారియన్ డొనోవన్ స్నానాలగది ప్లాస్టిక్ తెర కత్తిరించి మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆమె కూడా పారాచ్యూట్ నైలాన్ దగ్గరికే వచ్చింది. గుచ్చుకునే పిన్నీసు తీసేసి ప్లాస్టిక్ టిచ్ బటన్లు పెట్టింది. కంపెనీలు ఎవరికి కావాలిదని తిప్పి పంపితే 1949లో న్యూయార్క్‌లోని సాక్స్ ఫిఫ్త్ అవెన్యూ దుకాణంలో అమ్మకానికి పెట్టింది. విపరీతంగా పోయాయి. 1951లో పేటెంటు వచ్చింది, హక్కులు పది లక్షల డాలర్లకి అమ్మింది. తర్వాత, ఉతికే పనే లేకుండా మొత్తం కాగితంతోనే చేద్దామని కంపెనీల గుమ్మాలెక్కింది. అనవసరమన్నారు. ఆ గుమ్మాల వెనక కూర్చున్నవాళ్ళు మగవాళ్ళు. వాళ్ళెవరూ ఉతికిన పాపాన పోలేదు మరి.

ఆ పని చివరికి ఓ తాతయ్య వల్ల అయింది. ప్రాక్టర్ అండ్ గాంబుల్‌లో కెమికల్ ఇంజనీరు విక్టర్ మిల్స్‌కి మనవసంతానం గుడ్డలు మార్చడం మహా విసుగు. కంపెనీ 1957లో చార్మిన్ కాగితం మిల్లు కొంది. ఆ కాగితంతో ఏం చెయ్యొచ్చో చూడమంటే ఆయన మనుషులు డైపర్ మీద పడ్డారు. 1958లో మొదటి పరీక్ష టెక్సస్‌లోని డాలస్ ఎండల్లో పెట్టారు. ప్లాస్టిక్ లాగులో ఒళ్ళు ఉడికి పిల్లలకి చెమటకాయలు లేచాయి, పరీక్ష పోయింది. (అదే డాలస్‌కి ఇప్పుడు కూతురి పురుడు కోసం వెళ్ళే తెలుగు అమ్మమ్మలు సూట్‌కేసులో పాత నూలు చీరలు పెట్టుకుని దిగుతున్నారు.) మళ్ళీ మార్చి, 1961 డిసెంబరులో ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో ‘పాంపర్స్’ పేరుతో అమ్మారు. ఒక్కోటి 10 సెంట్లు. తల్లులకి వస్తువు నచ్చింది, ధర నచ్చలేదు. ఇంటికొచ్చి మురికిగుడ్డలు పట్టుకెళ్ళి ఉతికి తెచ్చే సర్వీసుకి అందులో సగం కూడా పడేది కాదు. మిషన్ల వేగం పెంచి ధర 6 సెంట్లకి దించాకే సరుకు కదిలింది. నన్నడిగితే పాంపర్స్‌ను నిలబెట్టింది మెత్తదనం కన్నా ఆ నాలుగు సెంట్లు.

డైపర్‌లో తడి పీల్చే అసలు పనివాడి మూలం కూడా అదే పియోరియాలో ఉండడం యాదృచ్ఛికం. అక్కడి వ్యవసాయశాఖ పరిశోధనశాలలో మొక్కజొన్న పిండిని రసాయనంతో కలిపి, బరువుకి వందల రెట్ల నీరు తాగే పదార్థం చేశారు. అక్కడ మొదలైన దారిలోనే వచ్చిన సోడియం పాలీఆక్రిలేట్ 1980ల్లో జపాన్, అమెరికా డైపర్లలోకి చేరింది. ఇంట్లో ఓ కొత్త డైపర్ కత్తిరించి చూడండి. దూదిలాంటి చెక్కగుజ్జు మధ్య తెల్లటి సన్నపలుకులు రాలతాయి. చెంచాడు పలుకుల మీద గ్లాసుడు నీళ్ళు పోస్తే ఉబ్బిన సగ్గుబియ్యంలా గట్టిపడిపోతాయి, గిన్నె వంచినా చుక్క జారదు. ఇప్పుడు దాని మీద ఉప్పు చల్లండి, నీరు మళ్ళీ బయటికొస్తుంది. మూత్రంలో ఉప్పు ఉంటుంది కాబట్టి ఈ పలుకులు మంచినీళ్ళంత ఎక్కువగా దాన్ని పీల్చలేవు. అయినా ఒక రాత్రికి సరిపోతుంది.

తడి తెలియని పిల్ల తొందరగా చెప్పడమూ నేర్చుకోదు. పిల్లల వైద్యుడు బ్రేజెల్టన్ 1962లో 1,170 మంది పిల్లల అనుభవంతో, తొందరపెట్టకండి, పిల్లలు సిద్ధమయ్యేదాకా ఆగండి అని రాశాడు. మంచి సలహాయే. కానీ ఆయన తర్వాత పాంపర్స్ ప్రకటనల్లోనూ కనిపించాడు. నాయనమ్మల “స్స్స్”కి మాత్రం ఏ కంపెనీ ప్రకటన ఇవ్వలేదు.

మన దేశంలో హగ్గీస్ డైపర్ 1990ల నడుమ వచ్చింది. మొదట ప్రయాణాలకీ పెళ్ళిళ్ళకీ వాడేవారు. పెరడు పోయి అపార్టుమెంటు వచ్చాక, తల్లి కూడా ఆఫీసుకి వెళ్ళడం మొదలయ్యాక అది రోజువారీ సరుకైంది. పడుకోబెట్టి టేపులు అంటించే పని లేకుండా నిలబెట్టి లాగులా తొడిగే రకం వచ్చింది, కిరాణా కొట్టు తోరణాల్లో చిన్న ప్యాకెట్లు వేలాడాయి. మామీపోకో డైపర్లు చేసే జపాన్ కంపెనీ యూనిచార్మ్‌కి మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే ఫ్యాక్టరీ ఉంది.

నూతిగట్టు దగ్గరి చాకిరీ తల్లికి తప్పింది, సంతోషం. అది మాయం కాలేదు, తెల్లవారుజామున చెత్తబండి దగ్గర చేతులతో తడీపొడీ వేరుచేసే పారిశుద్ధ్య కార్మికురాలికి మళ్ళింది. అప్పుడు మేర కొలిచినట్టే ఇప్పుడు నెలజీతంలో కలిపేశాం. వాడిన డైపర్ చుట్టి పారెయ్యడానికి కంపెనీలే సంచి ఇవ్వాలనీ, ఇంటివాళ్ళు దాన్ని చుట్టే ఇవ్వాలనీ 2016 ఘనవ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. చుట్టకుండా వస్తున్నవే ఎక్కువ.

అమ్మమ్మ గుడ్డలూ ఉండనివ్వండి, అల్లుడి కట్టా ఉండనివ్వండి. ఇంట్లో ఉన్నంతసేపు గుడ్డ, రాత్రికీ ప్రయాణానికీ డైపర్. అమ్మమ్మ గుడ్డల ఉతుకులో అల్లుడికీ వాటా ఇవ్వండి. వాడిన డైపర్లో మలం ఉంటే ముందు టాయిలెట్‌లో దులిపేసి, లోపలికి చుట్టి దాని టేపుతోనే బిగించి, పాత పేపర్లో పొట్లం కట్టి, పైన ఎర్ర ఇంకుతో ఓ గుర్తు పెట్టండి. తడిచెత్తలో కలపకుండా విడిగా చేతికివ్వండి. కమోడ్‌లో మాత్రం వెయ్యకండి. అది అక్కడే ఉబ్బి పైపు మూసేస్తుంది, తియ్యడానికి మళ్ళీ ఓ మనిషే రావాలి.