డార్విను పరిశోధన: కథయు, కాగితములును

చార్లెస్ డార్విను 1876లో వ్రాసిన స్వీయచరిత్రమునందు, తాను ఏ సిద్ధాంతమును మనసున నుంచుకొనక, బేకను చూపిన త్రోవను విషయములను రాశులుగా సేకరించితినని చెప్పుకొనెను. చాలమంది ఆ మాటను నమ్మిరి. అతని చేతివ్రాత పుస్తకములును, జాబులును వెలుగు చూచిన పిమ్మట శాస్త్రచరిత్రకారులు దానిని మరల విచారించిరి. ఆ విచారణమును గూర్చియే నేడు మీతో నాలుగు మాటలు చెప్పదలచితిని.

మొదట ఫించి పక్షుల కథ. 1835లో గలపాగోస్ దీవులయందు ఆ పక్షుల ముక్కులను చూచినంతనే డార్వినునకు పరిణామవాదము స్ఫురించెనని వాడుక. ఫ్రాంక్ సల్లొవే 1982లో నాటి వ్రాతలను, పక్షులకు కట్టిన చీటీలను శోధించి, ఇది కట్టుకథ యని చూపెను. ఏ పక్షి ఏ దీవిదో డార్విను చాలవరకు గుర్తు పెట్టనేలేదు. అవి వేర్వేరు జాతులని 1837లో లండనునందు తేల్చినవాడు జాన్ గూల్డు. అంతట డార్విను, కెప్టెను ఫిట్జరాయి మొదలగువారు పట్టిన పక్షుల చీటీలను చూచి దీవులను నిర్ణయింపవలసి వచ్చెను.

ఆ 1837 జూలైలోనే అతడు జాతుల మార్పును గూర్చి ప్రత్యేకముగా ఒక పుస్తకమున వ్రాయ నారంభించెను. 1838 సెప్టెంబరులో మాల్థసు గ్రంథమును చదివెను. అనగా మూలభావము ముందే యేర్పడినది. 1859లో గ్రంథము వెలువడువరకు జరిగినది చాలవరకు దాని పరీక్షయే. విత్తులు సముద్రము దాటి బ్రతుకగలవా యని ఉప్పునీట నానవైచి మొలకెత్తించెను, పావురములను పెంచెను. ఊహచేసి, దాని ఫలితములను తర్కించి, లోకముతో సరిచూచుటయే డార్విను పద్ధతి యని మైకేల్ గిసెలిన్ 1969లో వాదించెను. జానెట్ బ్రౌన్ వ్రాసిన జీవితచరిత్రము మఱియొక సంగతిని చూపుచున్నది: అతడు ఏకాంతముని కాడు, తోటమాలులను, పావురములు పెంచువారిని, దూరదేశస్థులను జాబులతో ప్రశ్నించుచుండెడివాడు. అతడు వ్రాసినవి, అతనికి వచ్చినవి కలిపి సుమారు 15,000 జాబులు నేటికిని నిలిచియున్నవి.

అట్లయిన డార్విను అసత్యమాడెనా? అట్లనుట తొందరపాటు. ఆనాటి ఇంగ్లండులో ఊహను ముందుంచుకొనువాడు నిందపాలగుచుండెను. 1861లో ఫాసెటునకు వ్రాసిన జాబులో మాత్రము, ఏదో ఒక పక్షమునకు అనుకూలముగనో ప్రతికూలముగనో కాని పరిశీలన నిష్ప్రయోజనమని అతడే చెప్పెను. ప్రతికూలవిషయములు త్వరగా మరపునకు వచ్చునని, వానిని వెంటనే వ్రాసికొను నియమమును పాటించెను. పూర్వపక్షమును బలముగా నిలిపి చూడని సిద్ధాంతము నిలువదని మన పండితులు ఎఱిగినదే.

సంశయము గల చోటనే న్యాయము ప్రవర్తించునని మన నైయాయికుల మతము. ప్రశ్న లేక పట్టికలు నింపుటయే శాస్త్రమని బాలురకు నేర్పినచో, వారికి పట్టికలు మిగులును గాని శాస్త్రము దక్కదు.