చిన్న సరకు వాహనంతో స్వయం ఉపాధి: కిరాయి నిర్ణయంలో లెక్క తప్పరాదు

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని ములకలపల్లి మండలం 2016 అక్టోబరు 11కు పూర్వం ఖమ్మం జిల్లాలో అంతర్భాగము. అడవి అంచున గల ఈ మండలంలో వరి, పత్తి పొలాల నుండి మార్కెట్టుకును, ఎరువులు, సిమెంటు, కిరాణా సరకులు పాల్వంచ, కొత్తగూడెం పట్టణాల నుండి గ్రామాలకును చేరవలసి ఉన్నది. కోసిన ఆయిల్‌పామ్ గెలలను అశ్వారావుపేట, అప్పారావుపేట కర్మాగారాలకు జాప్యం లేకుండా చేర్చనిచో నూనె నాణ్యత తగ్గును. 2005లో టాటా ఏస్ విపణిలోకి వచ్చిన పిదప నాలుగు చక్రాల చిన్న సరకు వాహనాలు పల్లెలకు విస్తరించి, యువతకు ఉపాధి మార్గమైనవి. అయితే కిరాయి లెక్క తప్పినవారికి అదే వాహనం అప్పుగా మిగులుచున్నది.

రుణం, పత్రాలు

2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి ముద్ర యోజన క్రింద బ్యాంకులు ‘కిశోర్’ విభాగంలో రూ.5 లక్షల వరకు, ‘తరుణ్’ విభాగంలో రూ.10 లక్షల వరకు రుణం ఇచ్చుచున్నవి. గిరిజన యువత భద్రాచలం ఐ.టి.డి.ఎ. ద్వారా వెలువడు ఆర్థిక సహాయ పథకాల ప్రకటనలను గమనించవలెను.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 66వ సెక్షన్ ప్రకారం సరకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలకు మించని సరకు వాహనానికి పర్మిట్ అవసరం లేదు. రిజిస్ట్రేషన్, బీమా, పన్ను, ఫిట్‌నెస్ మాత్రం తప్పనిసరి. ఫిట్‌నెస్‌ను ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకొకసారి, ఆపైన ఏటా పొందవలెను. మొత్తం బరువు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని తేలికపాటి వాహన లైసెన్సుతో నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న స్పష్టం చేసినది.

కిరాయి లెక్క

పక్కవాడు ఎంత అడిగినాడని గాక, తన ఖర్చెంతయని చూచి కిరాయి చెప్పవలెను. ఉదాహరణకు నెలకు రుణ వాయిదా రూ.12,000, డ్రైవరు జీతం రూ.12,000, బీమా, పన్ను, ఫిట్‌నెస్‌ల నెలవారీ వాటా రూ.3,000 అనుకొందము. మొత్తం రూ.27,000. బండి నడచినా, నిలిచినా ఈ ఖర్చు తప్పదు. యజమానియే నడిపినను జీతం లెక్కలో చేర్చవలెను. నెలకు 20 రోజులు, రోజుకు రెండు ట్రిప్పుల చొప్పున 40 ట్రిప్పులు దొరికినచో ఒక్కొక్క ట్రిప్పుపై పడునది రూ.675.

డీజిలుకు కిలోమీటరుకు రూ.6, టైర్లు, ఆయిలు, మరమ్మతులకు రూ.2 అనుకొన్నచో 30 కిలోమీటర్ల దూరానికి పోను, ఖాళీగా రాను 60 కిలోమీటర్లకు రూ.480 అగును. రెండూ కలిపి రూ.1,155. దీనిపై పది శాతం లాభం కలిపినచో కిరాయి సుమారు రూ.1,270. పోటీకి భయపడి రూ.900కే ఒప్పుకొన్నచో ట్రిప్పుకు రూ.255, నెలకు రూ.10,200 నష్టము. అనగా దాదాపు ఒక వాయిదా సొమ్ము. డీజిలుకు చేతిలో డబ్బు ఆడుచున్నంత కాలం ఈ నష్టం కనబడదు. టైర్లు మార్చునాడు, బీమా కట్టునాడు బయటపడును. తిరుగు ప్రయాణపు ఖర్చు ముందే లెక్కలో చేరినందున, వచ్చునప్పుడు తక్కువ కిరాయికైనను సరకు దొరికినచో లాభమే.

జాగ్రత్తలు

సంతలకు, పెళ్లిళ్లకు సరకు బండిలో జనాన్ని ఎక్కించుట చట్టవిరుద్ధము. అట్టి ప్రయాణికుల నష్టపరిహార బాధ్యత బీమా సంస్థపై ఉండదని సుప్రీంకోర్టు 2002లో తీర్పునిచ్చినది. ప్రమాదం జరిగినచో ఆ భారం యజమాని ఇల్లు, పొలం మీద పడును. కలప వంటి అటవీ ఉత్పత్తులను అటవీ శాఖ రవాణా అనుమతి లేకుండా ఎక్కించినచో, 1967 నాటి అటవీ చట్టం క్రింద వాహనమే జప్తు కావచ్చును.

వాహనం కొనుటకు ముందే ఈ లెక్కను తమ దారులకు, తమ ధరలకు అన్వయించి కాగితంపై వేసుకొనుట, నెలకు ఎన్ని ట్రిప్పులు దొరుకునో రైతులను, దుకాణదారులను విచారించుట శ్రేయస్కరము. లెక్క సరిపోనిచో, వాహనం కొనకుండుటయే ఆ నెల పొందిన లాభమని యువత గ్రహించవలెను.