లండను వీథుల క్రింది నీటి గొట్టములు



పంటకాలువకు గండి పడినచో కంటికి కనబడును. పార తీసికొని పోయి పూడ్చుకొందుము. నగరములలో భూమిక్రింద పాఱు నీటికి గండి పడినచో దానిని కనిపెట్టుటయే కష్టము. కనిపెట్టిన పిదప వీథిని త్రవ్వవలెను. ఆ వీథిక్రింద మురుగు గొట్టములును, విద్యుత్తు తీగెలును, టెలిఫోను తీగెలును అల్లుకొని యుండును. వీథి పొడవునను కందకము త్రవ్వకయే, పాతగొట్టము చోటున క్రొత్తదానిని నిలుపు విద్య యొకటి గడచిన యర్ధశతాబ్దిలో వృద్ధిపొందినది. అట్టి విద్య యేల కావలసివచ్చెనో తెలియుటకు లండను నగరచరిత్ర చక్కగా నుపకరించును.

1613వ సంవత్సరమున హ్యూ మిడిల్టన్ అను స్వర్ణకారుడు హెర్ట్‌ఫర్డ్‌షైరు ఊటలనుండి లండనునకు నీరు తెచ్చెను. దానికి ‘న్యూ రివర్’ అని పేరు. పేరునకు నదియే గాని నిజమునకు త్రవ్వుడుకాలువ. పని నడుమ డబ్బు చాలక నిలిచిపోవు స్థితి రాగా, మొదటి జేమ్సు రాజు సగము వ్యయమునకు పూనుకొని లాభమున సగము తనదిగా వ్రాయించుకొనెను. రాజులకును లెక్కలు తెలియును! ఆ నీటిని ఇండ్లకు చేర్చుటకై ఎల్మ్ అను చెట్టు మ్రానులను నడుమ తొలిచి, ఒకదాని సన్నపుకొనను వేఱొకదాని నోట దూర్చి, వీథుల వెంట పాతిరి. కఱ్ఱగొట్టము నీటి యొత్తిడికి ఓర్వదు, అతుకులయొద్ద కారును. కొన్నియేండ్లకు మరల త్రవ్వి మార్చవలసినదే.

1785 ప్రాంతమున చెల్సీ నీటికంపెనీ ఇంజనీరగు తామస్ సింప్సన్ పోతయినుప గొట్టములకు తగిన అతుకును సిద్ధపఱచెను. ఒక గొట్టపుకొనను వేఱొకదాని గిన్నెవంటి నోట నుంచి, సందున నార కూరి, కరగిన సీసము పోసి బిగించుట ఆ పద్ధతి. పందొమ్మిదవ శతాబ్దియందు ఇనుము కఱ్ఱను వెడలగొట్టెను. 1854లో బ్రాడ్ స్ట్రీటు కలరాకు అచటి బావినీరే కారణమని జాన్ స్నో అను వైద్యుడు చూపెను. అంతకు ముందే, 1852లో, థేమ్సు నీటిని వడగట్టి యీయవలెనని చట్టము పుట్టియుండెను. మంచినీరు మూతగల గొట్టమున రావలెనను నియమమువలన ప్రాణములెన్నియో నిలిచినవి. ఆ దినములలో పాతిన గొట్టములు ఇరువదియొకటవ శతాబ్దివఱకును నీరు మోయుచు వచ్చినవి. పాతినవారిని మెచ్చుకొనకుండ నుండలేను.

అయినను భూమి ఊరకుండదు. తేమగల మంటిలో పోతయినుమునందలి లోహము మెల్లమెల్లగా కరగిపోయి, పెన్సిలునం దుండు గ్రాఫైటువంటి నల్లని సరకు మిగులును. గొట్టము రూపము చెడదు. పైకి చూచిన గట్టిగనే యుండును. చాకుతో గీచిన తెగును. లండను బంకమన్ను వేసవిని బీటలువాఱి కుంగును, వానలకు ఉబ్బును. మన రేగడినేల గుణమే. అట్టి నేల కదలినప్పుడు అట్టి గొట్టము పుటుక్కున విఱుగును. నీరు వృథాయగుట యొక నష్టము. గొట్టమున ఒత్తిడి తగ్గినప్పుడు ఆ పగుళ్ళగుండ చుట్టునున్న మురుగు లోనికి వచ్చుట అంతకు మించిన కీడు. రోజునకు కొన్ని గంటలు మాత్రమే నీరు వదలు మన పట్టణములలో ఈ భయము మఱింత యెక్కువ.

1971లో ఎరిక్ వుడ్ అను ఆంగ్లేయుడు లండనులోని హాక్నీయందు నూఱేండ్లనాటి మురుగు గొట్టమును త్రవ్వకయే బాగుచేసెను. కంబళివంటి దట్టపుగుడ్డతో సంచి కుట్టించి, రెసిన్ అను జిగురుతో తడిపి, గొట్టములోనికి పంపి, గోడకు ఒత్తుకొనునట్లు ఉబ్బించి గట్టిపడనిచ్చుట ఆయన యుపాయము. పిమ్మట, చొక్కాచేతిని తిరగవేసినట్లు, నీటి బలముచేతనే సంచిని తిరగవేయుచు ముందునకు నడుపు పద్ధతి వచ్చెను. ఇది మొదట మురుగునకే పనికివచ్చెను. త్రాగునీటికి తగిలెడి జిగురు నిరపాయమైనదని తేల్చుకొనవలసియుండుటచే మంచినీటి గొట్టములకు ఆలస్యముగా వచ్చినది.

రెండవది పగులగొట్టు పద్ధతి. 1970ల చివఱ డి. జె. ర్యాన్ కంపెనీయు బ్రిటిష్ గ్యాసు సంస్థయు కలిసి, 3, 4 అంగుళముల యినుప గ్యాసు గొట్టములకై దీనిని సిద్ధపఱచిరి. రెండు కొనలయందును గుంటలు త్రవ్వుదురు. మొనదేలిన లావుపాటి ఇనుపతలను ఒక కొన దూర్చి, రెండవ కొననుండి లాగుదురు. అది పందికొక్కువలె ముందునకు పోవుచు పాతగొట్టమును చిదిపి, ముక్కలను ప్రక్కమంటిలోనికి నెట్టును. దాని తోకకు కట్టిన పాలిథీన్ గొట్టము వెనువెంటనే వచ్చి ఆ చోట నిలుచును. పాతదానికంటె కొంచెము పెద్దదానిని కూడ ఇట్లు వేయవచ్చును. నా మనసునకు ఈ రెండవదే యెక్కువ నచ్చినది. ఏలయన, శిథిలమైనదానిని నమ్ముకొనక, దాని దారిని మాత్రమే వాడుకొనుచున్నది.

త్రవ్వనక్కఱలేదను మాట పూర్తిగా నిజము కాదు. ప్రతి యింటికిని పోవు చిన్నగొట్టమును మరల కలుపుటకు ఒక్కొక్క గుంట కావలెను. ఇండ్లు దట్టమైనచోట గుంటలే కందకమంత యగును. ప్రక్కనే వేఱొక గొట్టమున్నచో ఆ చిదుపుటలో అదియు విఱుగవచ్చును. గట్టిరాతి నేలలో ముక్కలు తొలగుటకు చోటుండదు. అట్టిచోట్ల పాఱయు గడ్డపాఱయు నేటికిని తప్పవు.

లండనులో పునాదులు త్రవ్వువారికి అప్పుడప్పుడు ఆ ఎల్మ్ మ్రానులు దొరకుచుండును. తడిమంటిలో గాలి తగులక చెడకుండ నిలిచినవి. చిదుపబడిన ఇనుము మాత్రము తన ముక్కలతో క్రొత్తగొట్టమును చుట్టుకొని అచటనే పడియుండును.