ఖందీల్ బలోచ్ కేసు: పరువు, మతం, క్షమాపణ చట్టం

2016 జూలై 15 రాత్రి, పాకిస్తాన్‌లోని ముల్తాన్‌లో, తల్లిదండ్రుల ఇంట్లో నిద్రపోతున్న ఖందీల్ బలోచ్‌ను ఆమె తమ్ముడు వసీం గొంతు నులిమి చంపాడు. ఆమెకప్పుడు 26 ఏళ్లు. సోషల్ మీడియాలో స్త్రీలు, మతం అనే చర్చ వచ్చినప్పుడల్లా ఈ కేసు గుర్తుకొస్తుంది. కానీ చర్చ హత్య దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాత కోర్టుల్లో జరిగిందే ఎక్కువగా చదవాలని మేం అనుకుంటాం.

ఆమె అసలు పేరు ఫౌజియా అజీమ్. డేరా ఘాజీ ఖాన్ జిల్లాలోని ఒక పేద కుటుంబం. చిన్న వయసులోనే పెళ్లి చేశారు. భర్త హింస భరించలేక బయటికొచ్చి, బస్సు హోస్టెస్‌గా పనిచేసింది. తర్వాత మోడలింగ్, ఫేస్‌బుక్ వీడియోలు. ఆమె ఇంగ్లిష్ ఉచ్చారణను ఎగతాళి చేసినవాళ్లే ఆమె వీడియోలను ఎగబడి చూశారు. ఆ సంపాదన మీదే ఇల్లు గడిచింది. చంపిన తమ్ముడిని కూడా తన కూతురే పోషించిందని తండ్రి చెప్పాడు.

2016 జూన్‌లో, రంజాన్ నెలలో, ముఫ్తీ అబ్దుల్ ఖవీతో దిగిన సెల్ఫీలను ఆమె పోస్ట్ చేసింది. ఒక ఫొటోలో ఆయన టోపీ ఆమె తల మీద ఉంది. నెలవంక చూసే ప్రభుత్వ కమిటీలో ఆయన సభ్యత్వం పోయింది. ఆమెకేమో బెదిరింపులు వచ్చాయి. అసలు పేరు, పాస్‌పోర్టు వివరాలు మీడియాకెక్కాయి. రక్షణ కావాలని ఆమె అడిగింది, దొరకలేదు. మత పెద్దకు పోయింది పదవి, ఆమెకు పోయింది ప్రాణం.

ఇక చట్టం. పాకిస్తాన్‌లో 1990 నుంచి అమలైన ఖిసాస్-దియత్ నిబంధనల ప్రకారం హతుల వారసులు హంతకుడిని క్షమించవచ్చు. పరువు హత్యల్లో హంతకుడు, వారసులు ఒకే ఇంటివాళ్లు. కాబట్టి శిక్ష తప్పించే దారి ఇంట్లోనే ఉంటుంది. ఈ కేసులో ఆ దారి మూయడానికి రాజ్యమే ఫిర్యాదుదారుగా నిలబడింది. 2016 అక్టోబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది: క్షమించినా సరే, పరువు పేరిట చేసిన హత్యకు జీవిత ఖైదు తప్పదు. అయితే ఒక హత్య ‘పరువు కోసం’ జరిగిందా లేదా అన్నది తేల్చేది న్యాయమూర్తే. చట్టంలోని కంత అదే.

2019లో తల్లిదండ్రులు కొడుకును క్షమించామన్నారు, విచారణ కోర్టు ఒప్పుకోలేదు. సెప్టెంబరు 27న వసీంకు జీవిత ఖైదు పడింది. ముఫ్తీ నిర్దోషిగా బయటపడ్డాడు. 2022 ఫిబ్రవరిలో లాహోర్ హైకోర్టు ముల్తాన్ బెంచ్ వసీంను కూడా వదిలేసింది. సాక్షులు మాట మార్చారు, కుటుంబం రాజీ పడింది, అతని ఒప్పుకోలుకు సాక్ష్యంగా విలువ లేదన్నారు. హత్య జరిగిన వెంటనే పరువు కోసమే చంపానని అతను కెమెరాల ముందు చెప్పాడు!

‘పరువు హత్య’ అనే మాట మిర్యాలగూడ ప్రణయ్ హత్య (2018) తర్వాత తెలుగులో ఇంటింటి మాటైంది. భారత చట్టంలో హత్య రాజీ కుదుర్చుకునే నేరం కాదు. ప్రణయ్ కేసులో 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవిత ఖైదు వేసింది. కానీ పరువు హత్యలకు దేశవ్యాప్తంగా ప్రత్యేక చట్టం మనకింకా లేదు. అలాంటి చట్టం కోరేవాళ్లు, పరువు అనే ఉద్దేశాన్ని ఎవరు, ఏ సాక్ష్యంతో తేల్చాలో ముసాయిదాలోనే రాయించుకోవాలి.