కూలి, కూలీ

నాట్ల కాలంలో తెల్లవారకముందే గట్టు మీద వినపడే మొదటి మాట ‘కూలి ఎంత?’ అక్కడ కూలి అంటే సొమ్ము. చివరి గుడి మీద దీర్ఘం పడితే కూలీ, మనిషి.

మునుపు తెలుగులో ఈ రెండూ విడివిడిగా ఉండేవి: కష్టానికి ముట్టేది కూలి, పుచ్చుకునేవాడు కూలివాడు. తమిళంలోనూ కూలి అంటే ప్రతిఫలమే. తెల్లదొరల దస్తావేజుల్లో అది మనిషికి పేరైంది. గుజరాత్‌లోని కోలీ కులస్థుల నుంచి ఆ పేరు వచ్చిందనే వాదమూ ఉంది. మన దక్షిణాది మాటే అని నా నమ్మకం. 1834 తర్వాత మారిషస్ చెరకు తోటలకు ఓడలెక్కినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లందరికీ పడిన ముద్ర ‘కూలీ’.

రోజుకూలి పొద్దును కొలుస్తుంది, గుత్త ఎకరాన్ని కొలుస్తుంది. గుత్తకు నాటే ఆడవాళ్లు నడుమెత్తకుండా నాటి పెందలాడే ఇల్లు చేరతారు. చేతివేగంతో మిగిలిన పొద్దు వాళ్లదే. ఆడకూలి, మగకూలి అన్న జంట మాత్రం పనిని కొలవదు. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది, ఆ జంట ఊళ్ల నోట ఇంకా ఉంది.

మా అమ్మమ్మ కోతకెళ్తే కూలి వడ్లలోనే. కుంచం అంచు దాటి గోపురంలా నిలిచేదాకా పోసి, ఆమె కొంగులోకి వంచేవారు. కుప్పకు ఇన్ని కుంచాలని ముందే మాట. కుప్పలు పెరిగితే కొంగు బరువెక్కేది. ఆ కొలత న్యాయమైనదని అనను, చాలా తక్కువ. కానీ పంట ఎంతో, తన వంతు ఎంతో ఆమెకు ఒకే కళ్లంలో కనపడేవి.

ఆ వంతునే మన దేశ ఫ్యాక్టరీల లెక్కల్లో చూస్తే, పనివాళ్లు చేర్చిన నికర విలువలో వాళ్ల వేతనాల వంతు 1980ల మొదట్లో సుమారు 30 శాతం. 2008 నాటికి 10 శాతం దరిదాపులకు పడి, తర్వాత కొంత లేచింది. యంత్రాలొచ్చాయి, ఒక్కో మనిషి తీసే సరుకు ఎన్నో రెట్లయింది, కాంట్రాక్టు పనివాళ్లు పెరిగారు. దేశం మొత్తం ఆదాయంలో పైనున్న ఒక్క శాతం వంతు 2022-23లో 22.6 శాతమని వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ అనే పరిశోధన సంస్థ లెక్కగట్టింది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర కాంట్రాక్టు మనిషి ఇవాళా ‘కూలి ఎంత?’ అనే అడుగుతాడు. కుప్ప ఎంతయిందో చూద్దామంటే అతనికి కళ్లం ఏదీ?